ఇల్లు కట్టుటకు అనుమతి: రాజేంద్రనగర్ కథ

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిన నాటికి ఇల్లు కట్టుటలోని కష్టములన్నియు సున్నము, కలప, మేస్త్రీ, కూలి వీనిలోనే ఉండెడివి. పునాదికి ముందు ఇంకొక పునాది వేయవలెననియు, దానిని కాగితముతో వేయవలెననియు వారికి తెలియదు. ఈ కాలమున నగరములో నాలుగు గోడలు లేపదలచిన గృహస్థు మొదట వెళ్ళునది మేస్త్రీ యొద్దకు కాదు, పటము గీయు ఇంజనీరు యొద్దకు. క్రయదస్తావేజు, దాని వెనుకటి లింకు దస్తావేజులు, ఈసీ, లేఔటు మంజూరైనదనుటకు సాక్ష్యము, పన్ను రసీదు, అన్నిటిపైన ఇంటి నమూనా పటము. ఇవన్నియు సమకూర్చుకొనునప్పటికి శ్రావణమాసపు ముహూర్తము కాస్తా దాటిపోవును. అప్పుడు గృహస్థునకు సహజముగా ఒక ప్రశ్న కలుగును: “నా స్థలము, నా డబ్బు. మధ్య నగరపాలక సంస్థ అనుమతి ఎందుకు?”

ఆ ప్రశ్నకు మన హైదరాబాదు చరిత్రలో ఒక సమాధానము ఉన్నది. అది కార్యాలయములలో పుట్టినది కాదు. శంషాబాదులో కురిసిన ఒక వానలో పుట్టినది.

వాన సంగతికి ముందు ఒకటి రెండు పాత మాటలు చెప్పవలెను. ఇంటి విషయములో పొరుగువాని హక్కు మనకు క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో వాస్తువును గూర్చిన అధ్యాయము ఉన్నది. పొరుగింటి గోడనుండి ఎంత ఎడము విడువవలెను, వాననీరు ఎటు పోవలెను, కిటికీ ఎవరి ముంగిటిలోనికి తెరువరాదు, అను విషయములు అందులో చర్చించబడినవి. హద్దుల తగవును ఇరుగుపొరుగుల సాక్ష్యముపై తీర్చవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. పాశ్చాత్య దేశములలో 1666వ సంవత్సరపు అగ్నిప్రమాదములో లండను నగరము చాలవరకు బూడిద అయిన తరువాత, 1667లో చేసిన శాసనము కొయ్య ఇండ్లను నిషేధించి ఇటుక, రాయి వాడవలెనని ఆజ్ఞాపించెను. వీధి తరగతిని బట్టి ఇంటి ఎత్తును, గోడ మందమును కూడ నిర్ణయించెను. లండనుకు నిప్పు నేర్పిన పాఠమును హైదరాబాదుకు నీరు నేర్పినది.

1591లో మూసీ ఒడ్డున వెలసిన ఈ నగరములో మూడు శతాబ్దములపాటు ఇండ్లు నదిని ఆనుకొనియే పెరిగినవి. 1869లో మొదటి సాలార్‌జంగు దివానుగా ఉన్న కాలమున పురపాలన శాఖ ఏర్పడి, నగరము నాలుగు భాగములుగను, శివారు చాదర్‌ఘాటు ఐదు భాగములుగను విభజించబడెను. వీధులు, దీపములు, పారిశుధ్యము ఆ శాఖ పట్టించుకొనెను. కాని నది యొడ్డున ఎవరెంత ముందుకు జరిగి కట్టుకొనుచున్నారను చింత ఎవరికిని అంతగా ఉన్నట్లు కనబడదు.

1908 సెప్టెంబరు 28. ఈ తేదీ హైదరాబాదీలకు తాతముత్తాతల నోట విన్న తేదీ. మూసీకి పడమటనున్న పరీవాహక ప్రదేశములో ఆ రెండు దినములు కురిసిన వాన లెక్కలను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు తమ జీవితానుభవములలో వ్రాసియున్నారు. శంషాబాదులో ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలువదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు పడినది. ఆ పరీవాహక ప్రదేశములో 788 చెరువులుండగా, వానిలో 221 తెగిపోయినవి. ఒక చెరువు తెగి క్రింది చెరువు మీద పడును, అది తెగి ఇంకొక దాని మీద పడును. చివరకు నగరము మీద పడినది నది కాదు, గొలుసుకట్టు చెరువులన్నియు కలిసి పడినవి. సుమారు 15,000 మంది చనిపోయిరని చెప్పుదురు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబదిమంది వరకు ప్రాణములు దక్కించుకొన్న సంగతి నేటికిని చెప్పుకొనుచునే యుందురు.

ఈ లెక్కలో శంషాబాదు పేరు గమనింపదగినది. అది విమానాశ్రయము ఉన్న శంషాబాదే. ఆ వాననీరు వచ్చిన ఈసీ వాగు నేటి రాజేంద్రనగర్ ప్రక్కగా వచ్చి మూసీలో కలియుచున్నది.

1909లో విశ్వేశ్వరయ్యగారు నిజాము ప్రభుత్వపు ఆహ్వానముపై వచ్చి చేసిన సూచనలలో ముఖ్యమైనది నగరమునకు ఎగువనే వరదను పట్టి నిలుపుట. దాని ఫలితముగా మూసీ మీద గండిపేట వద్ద ఉస్మాన్‌సాగరు 1920లోను, ఈసీ మీద హిమాయత్‌సాగరు 1927లోను పూర్తి అయినవి. తరువాత నగరమంతయు ఆ నీరు త్రాగినది గనుక వానిని మంచినీటి చెరువులనియే మనము తలచుచున్నాము. మొదట అవి వరదకు అడ్డుకట్టలు. ఈ సంగతి మరువకుండ ముందునకు సాగవలెను, ఎందుకనగా దీనితో తరువాత పని పడును.

ఇక ఊరిలోపలి పని. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఇరుకు పేటలను తొలగించుట, వీధులను వెడల్పు చేయుట, బీదలకు ఇండ్లు కట్టించుట దాని పనులు. పత్తర్‌గట్టీ రాతి వరుసలను చూచినవారికి ఆ మండలి అభిరుచి తెలియును. వీధికి ఒక గీత ఉండవలెను, ఇల్లు ఆ గీతను దాటరాదు అను భావము ఈ నగరములో స్థిరపడినది ఆ కాలముననే అని నా అభిప్రాయము. 1933లో చాదర్‌ఘాటు హైదరాబాదు పురపాలనలో కలిసెను. 1960లో సికింద్రాబాదు కలిసెను.

ఈ నడుమ వచ్చిన 1955వ సంవత్సరపు నగరపాలక శాసనమును ఒకసారి తెరచి చూచిన గృహస్థునకు కొంత ఆశ్చర్యము కలుగును. అందులోని 428వ విభాగము ఇల్లు కట్టదలచినవాడు కమిషనరునకు తన ఉద్దేశమును తెలియజేయవలెనని చెప్పును. అది యాచన కాదు, తెలియజేయుట! 437వ విభాగము ప్రకారము ముప్పది దినములలో కాదని తెలుపనిచో కట్టువాడు పని మొదలుపెట్టుకొనవచ్చును. శాసనము వ్రాసినవారి దృష్టిలో గృహస్థుడు బిచ్చగాడు కాడు. అయితే ముప్పదియవ దినమున ఒక “కొర్రీ” పడుట, పటము వెనుకకు వచ్చుట, ముప్పది దినములు మరల మొదలగుట మన కార్యాలయముల పద్ధతి అయినది. కొర్రీ అను మాట శాసనములో లేదు గాని, ఇల్లు కట్టినవారిలో ఆ మాట తెలియనివారు ఉండరు.

1975లో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడి, నగరము చుట్టునున్న పల్లెలకును పట్టణ ప్రణాళిక వచ్చినది. రాజేంద్రనగర్ అప్పటికి విద్యాసంస్థల ఊరు. 1964లో స్థాపించిన వ్యవసాయ విశ్వవిద్యాలయపు పొలములు, గ్రామీణాభివృద్ధి సంస్థ, శివరాంపల్లిలో పోలీసు అకాడమీ. వీని మధ్య వరిచేలు, జామతోటలు. తరువాతి ముప్పదియేండ్లలో ఆ చేలు ప్లాట్లయినవి. రైతు ఎకరము అమ్మును. కొన్నవాడు తెల్లకాగితము మీద గీతలు గీసి రెండువందల గజముల ముక్కలుగా అమ్మును. సర్పంచి ముద్ర పడును. దానికి గ్రామపంచాయతీ లేఔటు అని పేరు. పంచాయతీకి లేఔటు మంజూరు చేయు అధికారము లేదను సంగతి, కొన్నవానికి చాల కాలమునకు గాని తెలియదు. కాగితము మీద ముప్పది అడుగుల బాట, నేల మీద బండి తిరుగని సందు. 2007 ఏప్రిల్ 16న రాజేంద్రనగర్ పురపాలక సంఘము మరి పదునొకండు సంఘములతో కూడ మహా నగరపాలక సంస్థలో కలిసెను. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము తెరచిరి. 2009లో మెహదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల వంతెనదారి వచ్చెను. గజము వెల ఎటు పోయినదో వేరుగ చెప్పనక్కరలేదు.

1996 మార్చి 8న ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తరువును ఇచ్చెను. రెండు జలాశయముల నిండు నీటిమట్టమునుండి పది కిలోమీటర్ల లోపలి 84 గ్రామములలో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్ళను, నివాస కాలనీలను అది నిషేధించెను. శంషాబాదు మండలములో ఒక నూనె పరిశ్రమ ఈ నిషేధముపై పోరాడగా, ఆ వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయెను. 1999లో న్యాయస్థానము ఇచ్చిన తీర్పు, హాని జరిగిన పిదప కాక ముందే జాగ్రత్త పడవలెనను సూత్రమునకు భారతదేశములో ముఖ్యమైన ఆధారములలో ఒకటి అయినది.

2012 నాటి భవన నిర్మాణ నియమములు ఇంకను వివరముగా చెప్పినవి. పది హెక్టారులు, అంతకు మించిన చెరువునకు నిండు నీటి హద్దునుండి ముప్పది మీటర్లు విడువవలెను. చిన్న చెరువుకు, కుంటకు తొమ్మిది మీటర్లు. ఈ హద్దునే మన ప్రజలు ఎఫ్‌టీఎల్ అని పిలుచుచున్నారు.

మా బంధువులలో ఒక ఉపాధ్యాయుడు, వరుసకు నాకు బావ, ఈ ప్రాంతములో ఒక చెరువు దిగువన రెండువందల గజములు కొన్నాడు. ఎండకాలములో చూచి కొన్నాడు, అప్పుడు చెరువు మైదానము వలె ఉండెను. ఉద్యోగ విరమణకు వచ్చిన సొమ్ముతో ఇల్లు మొదలుపెట్టుటకు దరఖాస్తు ఇచ్చినాడు. కాళ్ళు అరుగునట్లు తిరిగిన పిమ్మట, స్థలము నీటి హద్దులో ఉన్నదని తిరస్కార పత్రము వచ్చినది. లేఔట్ల క్రమబద్ధీకరణ పథకము కూడ చెరువు భూములకు వర్తించదనిరి. “నీరు లేని చోట నీటి హద్దేమిటయ్యా!” అని ఆయన మా ఇంటికి వచ్చి ఎంతో వాపోయినాడు. ప్రక్క ప్లాటువారు మాత్రము అనుమతి కొరకు ఆగలేదు. ఒక చవితినాడు పునాది తీసిరి, దీపావళికి కప్పు వేసిరి. బావగారికి వారిని చూచినప్పుడెల్ల తాను నియమమును పాటించిన వెఱ్ఱివాడననిపించెడిది. నేనును మనసులో అట్లే అనుకొంటిని, కాదని చెప్పను.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి నగరము మీద కుండపోత కురిసినది. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి, బెంగుళూరు రహదారి మీద వాహనములను, మనుష్యులను లాగుకొనిపోయినది. ఆ దినములలోనే మైలార్‌దేవ్‌పల్లి ప్రాంతములో పల్లెచెరువు కట్టకు గండి పడెను. హిమాయత్‌సాగరు తలుపులు ఎత్తిరి. బావగారి ఖాళీ ప్లాటులో రొమ్ములోతు నీరు పదిదినములు నిలిచెను. ప్రక్క ఇంటివారు, పిల్లలతో సహా, డాబా మీద రెండు రాత్రులు గడిపిరి. వారికి మూడవనాడు అన్నము పట్టుకొనిపోయినది బావగారే. ఆయన ఆ తిరస్కార పత్రమును గూర్చి తరువాత మాటాడలేదు. నేను అడుగలేదు.

ఆ వరద జరిగి నెల తిరిగి రెండు మూడు దినములు కాగానే, నవంబరు 16న, ఆ సంవత్సరమే చేసిన క్రొత్త శాసనము ప్రకారము టీఎస్-బీపాస్ ప్రారంభమయ్యెను. డెబ్బదియైదు గజముల లోపు స్థలములో చిన్న ఇంటికి అనుమతియే అక్కరలేదు, నమోదు చాలును. ఆరువందల గజముల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు, యజమాని తానే ధృవీకరించినచో తక్షణమే మంజూరు. అంతకు మించినవానికి ఇరువదియొక్క దినముల గడువు. 1955 నాటి శాసనములోని “తెలియజేయుట” అరువదియైదేండ్లకు మరల కొత్త బట్టలు కట్టుకొని వచ్చినట్లయినది. ఇది మంచిదే. కొర్రీల బాధ తగ్గించిన దేదైనను గృహస్థునకు మేలే. అయితే అబద్ధము వ్రాసినచో నోటీసు లేకుండనే కూల్చు అధికారమును కూడ ఆ శాసనము ఇచ్చినది. అనగా వెనుక ఉద్యోగి చేయవలసిన పరిశీలన భారము ఇంటి యజమాని సంతకము మీదికి వచ్చినది. ఎండకాలములో ప్లాటు కొన్నవాడు, నీటి హద్దు ఎక్కడనో తెలియనివాడు, చిత్తశుద్ధితోనే తప్పు వ్రాయవచ్చును. చెరువు పటములు ప్రతివానికి సులభముగా అర్థమగునట్లు చేసి, హద్దురాళ్ళు నేల మీద పాతించనిదే ఆ సంతకమునకు విలువ ఏమి? 2024లో చెరువుల రక్షణకై ఏర్పడిన హైడ్రా సంస్థ అప్పచెరువులోని కట్టడములను తొలగించినప్పుడు ఈ ప్రశ్నయే నలుగురి నోట వినవచ్చినది.

2022 ఏప్రిల్‌లో 69వ సంఖ్యగల ఉత్తరువుతో ప్రభుత్వము 84 గ్రామముల నిషేధమును సడలించెను. ఈ జలాశయములు ఇప్పుడు నగరమునకు ముఖ్యమైన త్రాగునీటి ఆధారములు కావని అందుకు కారణము చెప్పబడినది. కృష్ణ, గోదావరి నీరు వచ్చుచున్నమాట నిజమే. ఆ గ్రామముల రైతులు ఇరువదియారేండ్లు తమ భూమికి సరియైన ధర లేక నష్టపడినమాటయు నిజమే. వారి గోడు తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని నేను ముందు మరువవద్దని కోరిన సంగతి ఇక్కడ అడ్డు వచ్చుచున్నది. ఆ రెండు సాగరములు మొదట త్రాగుటకు కట్టినవి కావు. శంషాబాదులో రెండు దినములలో 18.9 అంగుళముల వాన పడినందున కట్టినవి.

బావగారి ప్లాటు ఇప్పటికిని ఖాళీగనే ఉన్నది. వానలు బాగుగ పడిన సంవత్సరములలో దానిలో తామరాకులు తేలుచుండును.