కట్టెల మోపు కథ: మన చలిమంటకి పర్మిషన్ ఎవరిచ్చారు?



ముందుగా ఒక చిన్న ప్రశ్న. భోగి రోజు తెల్లవారుజామున మీ వీధిలో మంట వేస్తారు కదా, ఆ కర్రలు ఎక్కడినుంచి వస్తాయి? మా ఊళ్లో అయితే సగం దొంగ కర్రలే. ముందు రోజు రాత్రి కుర్రాళ్లమంతా కలిసి, ఎవరి దొడ్లో కంచె వదులుగా ఉందో చూసి ఎత్తుకొచ్చేసేవాళ్లం. పొద్దున్న ఆ ఇంటాయన తిట్టుకుంటూనే వచ్చి, అదే మంట దగ్గర చలి కాచుకునేవాడు. పండగ కదా, ఊరు క్షమించేసేది. మరి కొండమీది మనిషి తన ఇంటి పక్క అడవిలోంచి ఎండుకర్ర తెచ్చుకుంటే అది నేరం ఎలా అయింది? ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

మాది పాలకొండ దగ్గర ఒక పల్లె. "శ్రీకాకుళం, విజయనగరం వైపు చలేంటండీ, చెమటలు కారతాయి కదా" అంటారు కొందరు. తీరం వెంబడి అయితే నిజమే. కింద పల్లెల్లో చలి అంటే ధనుర్మాసం పొద్దుల్లో వీధి మంట, పురిటి గదిలో బాలింతకి, పసిబిడ్డకి పెట్టే నిప్పుల కుంపటి, అంతే. దానికి కట్టెలు కూడా పొలంలోనే దొరికేవి. నార తీసేశాక మిగిలిన గోగుపుల్లలు, కందికంప, తాటిమట్టలు, పిడకలు. ఉద్దానం వైపైతే కొబ్బరిమట్టలు, జీడికొమ్మలు. సముద్రం ఒడ్డున సరుగుడు. ఈ సరుగుడు గురించి ఒక మాట. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీలో దీన్ని తోటలు తోటలుగా వేయడం మొదలెట్టింది రైలింజన్ల కోసం. అవును, అప్పట్లో రైళ్లు కూడా కట్టెలతో నడిచాయి!

ఇక కొండ ఎక్కుదాం. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సాలూరు, పాచిపెంట. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊళ్లన్నీ పార్వతీపురం మన్యం జిల్లా. అంతకుముందు కొన్ని శ్రీకాకుళం, కొన్ని విజయనగరం. సవరలు, జాతాపులు ఎక్కువగా ఉండే కొండలివి. ఇక్కడ చలికాలం రాత్రి సంగతి వేరు. పాత సవర ఇంట్లో పొయ్యి ఇంటి లోపలే ఉంటుంది. రాత్రి దాని చుట్టూనే పడక. పొయ్యి మీద అటక. అటక మీద విత్తనాలు, ధాన్యం. కింది పొగ తగిలి వాటికి పురుగు పట్టదు, చెమ్మ చేరదు. దోమలూ తగ్గుతాయి.

అంటే ఆ ఒక్క నిప్పు ఎన్ని పనులు చేస్తోందో లెక్కపెట్టండి. వంట ఒకటి. వెచ్చదనం రెండు. విత్తనాల కాపలా మూడు. దోమల నుంచి రక్షణ నాలుగు. రాత్రిపూట వెలుగు ఐదు. ఈ ఐదూ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు చట్టం కథ. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ప్రభుత్వం ఒక అడవిని 'రిజర్వు' అని ప్రకటించొచ్చు. అందులో మీకేదైనా హక్కు ఉందనుకుంటే, గడువులోగా అధికారి దగ్గరికెళ్లి చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే ఆ హక్కు పోయినట్టే. కాగితం మొహం చూడని కొండమనిషికి ఆ నోటీసు ఎవరు చదివి చెబుతారు? అలా తాతల నుంచి వస్తున్న అలవాటు కాస్తా, సర్కారు దయతలిస్తే ఇచ్చే రాయితీ అయిపోయింది. రాయితీ దాటితే నేరం.

ఎందుకింత పట్టుదల? అప్పుడు దేశమంతా రైలు పట్టాలు పడుతున్నాయి. 1890లలో మన శ్రీకాకుళం, విజయనగరం మీదుగా కూడా రైలు మార్గం పడింది. పట్టాల కింద వేసే దిమ్మలకి గుగ్గిలం లాంటి గట్టి కలప కావాలి. సర్కారు లెక్కలో అడవి అంటే కలప. కొండవాళ్ల లెక్కలో అడవి అంటే పొయ్యి, పొలం, మందు, తిండి. ఒకే చెట్టు, రెండు లెక్కలు.

మన వైపు ఇంకో మెలిక ఉంది. ఇక్కడి కొండలు చాలావరకు కురుపాం, సాలూరు, పర్లాకిమిడి లాంటి జమీందారుల చేతుల్లో ఉండేవి. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక ఆ అడవులు ప్రభుత్వానికి వచ్చాయి. యజమాని మారాడు. మోపు మోసే మనిషికి మాత్రం పెద్ద తేడా రాలేదు. మళ్లీ ఎవర్నో ఒకర్ని అడగాల్సిందే.

అల్లూరి సీతారామరాజు కథ మీ అందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడితో మొదలైన ఆ పోరాటం వెనక కూడా ఈ అటవీ ఆంక్షలున్నాయి. పోడు కొట్టకూడదు, అడవిలోకి రాకూడదు, పైగా రోడ్డు పనికి వెట్టికి రావాలి.

45 ఏళ్ల తర్వాత మన కొండల్లో అదే మాట మళ్లీ వినపడింది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు టీచర్లు గిరిజన సంఘాన్ని నిలబెట్టారు. సంఘం అడిగినవి చూడండి. వెట్టి పోవాలి, పాలేరు కూలి పెరగాలి, పోయిన భూములు తిరిగి రావాలి, ఇంటికి, నాగలికి కావాల్సిన కర్ర అడవి నుంచి తెచ్చుకోనివ్వాలి. పెద్దపెద్ద కోరికల పక్కన ఈ కర్ర కోరిక చిన్నదిగా కనిపిస్తుంది. కానీ రోజూ పొద్దున్నే ఎదురయ్యేది అదే కదా!

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో సంఘం సభకి వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల వైపు వాళ్లు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత శ్రీకాకుళం సాయుధ పోరాటంగా చరిత్రకెక్కిన కథకి అది మలుపు. 1970 జూలైలో సత్యనారాయణ, కైలాసం కూడా చనిపోయారు. ఆ దారి తప్పా ఒప్పా అన్నది వేరే ఎపిసోడ్. ఇక్కడ నేను చెప్పేది ఒక్కటే. ఆ కోరికల జాబితాలో కట్టె ఉంది.

ఆ కట్టెకి చట్టంలో హక్కుగా చోటు దొరకడానికి 2006 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఏడాది వచ్చిన అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద అడవి బిడ్డలకి యాజమాన్య హక్కు ఇచ్చింది. తేనె, చింతపండు మాత్రమే కాదు, ఆ నిర్వచనంలో కంప ఉంది, నరికిన చెట్టు మోడు కూడా ఉంది. 1882 నుంచి 2006. అంటే 124 ఏళ్లు!

"బ్రో, ఇప్పుడు అందరికీ గ్యాస్ ఉంది కదా" అంటారా? ఉంది. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల, 2024 నవంబర్ 1న మన శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలోనే మొదలైన దీపం-2, ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. ఇవి చిన్న విషయాలు కావు. ఇంట్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పొయ్యి ఊది ఊది కళ్లు పోగొట్టుకున్న అమ్మమ్మలు మనందరి ఇళ్లలో ఉన్నారు. కాబట్టి పాత పొయ్యే మంచిదని నేను అస్సలు అనను.

కానీ ఇందాకటి ఐదు పనులు గుర్తుచేసుకోండి. గ్యాస్ స్టవ్ చేసేది ఒక్కటే, వంట. అది అన్నం వండుతుంది గానీ రాత్రంతా గది వెచ్చగా ఉంచదు, అటక మీది విత్తనాన్ని కాపాడదు. అందుకే సిలిండర్ ఉన్న ఇంటికి కూడా మోపు వస్తూనే ఉంటుంది. "గ్యాస్ ఇచ్చినా మారరు వీళ్లు" అనేముందు, మిగతా నాలుగు పనులకి మనం ఏం ఇచ్చామో అడగాలి.

చివరిగా మా అమ్మమ్మ మాట. ఆవిడ చిన్నప్పుడు సంతరోజున సవర ఆడవాళ్లు కట్టెల మోపులు ఎత్తుకుని కొండ దిగేవాళ్లట. ఆవిడ బేరమాడి కొనేది. మంట దగ్గర కూర్చుని ఈ కథ చెప్తూ, "మోపుకి బేరమాడకుండా కొంటారేటి బాబూ! ఎండెక్కే దాకా ఆగితే ఆళ్లే తగ్గించేసీవోరు. మోపు మళ్లీ కొండెక్కించలేరు కదా" అని నవ్వింది.

నేనడిగాను, "అమ్మమ్మా, వాళ్లు ఎంత దూరం నుంచి నడిచొచ్చేవాళ్లు? దార్లో ఎవరైనా ఆపేవాళ్లా?" అని.

అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. కాసేపు మంటలో పుల్ల ఎగదోస్తూ కూర్చుంది. "అది మాత్రం నానెప్పుడూ అడగలేదురా" అంది.

వచ్చే భోగికి మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి, వాళ్ల చిన్నప్పుడు ఇంటికి కట్టెలు ఎవరు తెచ్చేవాళ్లని. వాళ్లు చెప్పింది ఫోన్లో రికార్డు చేసి దాచుకోండి. మన ఊళ్ల చరిత్ర చాలావరకు అలాగే బతకాలి.

మళ్లీ కలుద్దాం. ఉంటాను.