వాలుగ వంశవృక్షము

శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో వాలుగ చేప నెరుగనివారు అరుదు. పొలుసులేని నున్నని మేను, పెద్ద నోరు, పొడవైన మీసములు దాని గుర్తులు. ఈ తెలుగు పేరు ప్రపంచ శాస్త్రగ్రంథములలో స్థిరపడినదని మనలో ఎందరెరుగుదుము?

1781లో పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమునకు వచ్చెను. తరువాత కంపెనీవారి కొలువులో వృక్షశాస్త్రజ్ఞుడై, అక్కడ సేకరించిన 200 మత్స్యములను వర్ణించి, బొమ్మలతో 1803లో లండనున రెండు సంపుటములుగ ప్రకటించెను. స్థానికుల నోట విన్న పేర్లనే వాటికి వ్రాసెను. అందలి వాలుగ పేరే 1851లో డచ్చి వైద్యుడు బ్లీకరు చేతిలో 'వాలగో' అను ప్రజాతినామమైనది. ఆ మాట చెప్పిన జాలరి పేరు మాత్రము చరిత్రకెక్కలేదు.

నాటివారికి ఆధారము రూపము. రూపము ఒక్కొక్కప్పుడు మోసగించును. బ్లీకరు వాలుగతో జతపరచిన ఆగ్నేయాసియా చేప 'లీరీ'ని, ఎముకల కట్టుబడి వేరగుటచే 2014లో మరొక ప్రజాతిలో చేర్చిరి.

నేడు ఎముకలకు తోడు జన్యుసాక్ష్యము లభించుచున్నది. జీవకణములలోని డి.ఎన్.ఏ. నాలుగక్షరముల లిపి వంటిది. తాటాకు ప్రతిలో ఒక లేఖకుడు చేసిన తప్పు, దానినిచూచి వ్రాసిన ప్రతులన్నింటను కనబడును గదా! అట్లే పూర్వజీవియందు కలిగిన అక్షరపు మార్పు సంతతికి సంక్రమించును. అట్టి మార్పులను పంచుకొన్నవి దగ్గరి జ్ఞాతులు. ఒక జన్యువులోని సుమారు 650 అక్షరములతో జంతుజాతులను గుర్తింపవచ్చునని 2003లో కెనడాకు చెందిన పాల్ హెబర్ట్ బృందము ప్రతిపాదించినది.

ఇందలి ఫలితమొకటి మన వంటింటిదాక వచ్చినది. పెద్ద తల, పైకి తిరిగిన నోరు గల బొచ్చెను 1844లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వలెన్సియెన్ 'కట్ల' యను ప్రత్యేక ప్రజాతిగ నిలిపెను. జన్యువులను పోల్చిచూడగా, అది శీలావతి చేరిన 'లేబియో' వంశములోని కొమ్మయేయని తేలినది. ఈ రెండును కలిసి సంకరసంతానమును కనగలవు. పిల్లలను కొని చెరువున వేయు రైతునకు ఆ భేదము కంటికి తెలియదు. తల్లి వంకనే వచ్చు జన్యువునొక్కదానిని పరీక్షించినను తెలియదు; ఉభయుల వంక వచ్చు జన్యువులను చూడవలెను.

వాలుగ నేడు అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణ సంఘమువారి జాబితాలో అపాయమునకు లోనుకాగల జాతులలో నున్నది. నాగావళి, వంశధారల ఒడ్డున చేపల పేర్లెరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు. వారిని మనమడిగి ఆ పేర్లు వ్రాసికొందము; ఏటిని కాపాడుకొందము. పేరు గ్రంథమున నిలిచి, చేప నీట లేనినాడు ఆ కీర్తి మనకెందులకు?