గ్రీనిచ్ గుట్ట, విశాఖ రేవు

లండన్ నడిబొడ్డున పడవెక్కి థేమ్స్ వెంట తూర్పుకి వెళ్తే, నది పెద్ద వంపు తిరిగేచోట కుడి ఒడ్డున గ్రీనిచ్ వస్తుంది. ముందుగా కట్టీ సార్క్ ఓడ కొయ్యలు కనబడతాయి. చైనా తేయాకు తేవడానికి 1869లో కట్టిన తెరచాప ఓడ అది. అదే ఏడు సూయెజ్ కాలువ తెరుచుకోవడంతో తేయాకు బేరం స్టీమర్ల పాలైంది. కట్టీ సార్క్ ఆస్ట్రేలియా ఉన్ని మోసి పేరు తెచ్చుకుంది. దాని పక్కనే, ఒకప్పుడు వృద్ధ నావికులకు ఆశ్రయమిచ్చిన తెల్లరాతి భవనాలు.

నేను విశాఖవాణ్ణి. ఓడల మీద నావిగేటింగ్ ఆఫీసర్‌గా పనిచేశాను. రోజూ ఒకే వేళకు క్రోనోమీటర్‌కు కీ ఇచ్చి, రేడియో టైమ్ సిగ్నల్‌తో పోల్చి, సెకన్ల తేడాను పుస్తకంలో రాసేవాణ్ణి. ఆ గడియారం చూపించేది గ్రీనిచ్ టైమే. అందుకే ఈ ఊళ్లో నా కాళ్లు నేరుగా గుట్ట మీది అబ్జర్వేటరీకి నడిచాయి.

నడిసముద్రంలో అక్షాంశం తెలుసుకోవడం తేలిక. మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే చాలు. చిక్కంతా రేఖాంశంతోనే. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనక, ఓడ ఉన్నచోటి వేళకూ గ్రీనిచ్ వేళకూ ఉన్న తేడాను బట్టి రేఖాంశం లెక్కగడతారు. గడియారం నాలుగు నిమిషాలు తప్పితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది 60 నాటికల్ మైళ్లు. 1707లో ఎక్కడున్నారో లెక్క తప్పిన నాలుగు బ్రిటిష్ యుద్ధనౌకలు సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుని మునిగాయి. వెయ్యిమందికి పైగా పోయారు. రేఖాంశం కనిపెట్టే ఉపాయం చెప్పినవారికి 20,000 పౌండ్ల దాకా బహుమతి ఇస్తామని 1714లో చట్టమే చేశారు. దారి చూపింది జాన్ హారిసన్ అనే వడ్రంగి. 1761లో జమైకా బయల్దేరిన ఓడలో పంపిన అతని నాలుగో గడియారం 81 రోజుల్లో అయిదు సెకన్లే వెనకబడింది. ఆ గడియారాలు ఇప్పుడు ఈ గుట్ట మీదే ఉన్నాయి.

1833లో అబ్జర్వేటరీ కప్పు మీద ఒక గోళం పెట్టారు. అది రోజూ 12.55కు కొయ్య సగందాకా, 12.58కి కొసదాకా లేచి, సరిగ్గా ఒంటిగంటకు పడుతుంది. నదిలో లంగరేసిన ఓడల వాళ్లు దాన్ని చూసి క్రోనోమీటర్లు సరిచూసుకునేవారు. పన్నెండింటికి ఖగోళ శాస్త్రవేత్తలు సూర్యుణ్ణి కొలిచే పనిలో ఉంటారు కనక ఒంటిగంట ఎంచుకున్నారు.

ఇక్కడి నుంచి ఒక దారి మా ఊరిదాకా వచ్చింది. గ్రీనిచ్‌లో పని నేర్చిన థామస్ గ్లాన్‌విల్ టేలర్ 1830లో మద్రాసు అబ్జర్వేటరీకి వచ్చి, 11 వేలకు పైగా నక్షత్రాల పట్టిక తయారుచేశాడు. ఆయన దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న జమీందారు గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంతంగా అబ్జర్వేటరీ స్థాపించారు. ఆయన తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడినుంచే పరిశీలించారు.

1884లో వాషింగ్టన్ సమావేశం గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా ఒప్పుకుంది. అప్పటికే లోకంలోని ఓడల్లో ఎక్కువ భాగం గ్రీనిచ్ లెక్కతో గీసిన పటాలే వాడుతున్నాయి. మన గడియారం గ్రీనిచ్ టైమ్ కంటే అయిదున్నర గంటలు ముందుండటానికి కారణం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగానే పోతుంది.

గ్రీనిచ్‌లో ఈ చరిత్రను బడిపిల్లలకు గడియారాల ముందు నిలబెట్టి చెబుతున్నారు. విశాఖ నుంచి సముద్రానికి వెళ్లే ప్రతి కేడెట్‌కూ జగ్గారావు, నరసింగరావుల పేర్లు మొదటి పాఠంలోనే వినిపించాలి. రేవుకు జెట్టీలూ క్రేన్లూ ఎంత అవసరమో, ఓడ ఎక్కడుందో లెక్కగట్టే విద్యా అంతే అవసరం. ఆ విద్యను సొంత డబ్బుతో తెచ్చిపెట్టిన మనుషుల్ని మా ఊరు మరవకూడదు.