కాగితం మీద లేని మనిషి

ఎర్ల్ టప్పర్ చేసిన డబ్బాలో ఏ లోపమూ లేదు. డూపాంట్ కంపెనీలో మిగిలిపోయే పాలిథిలిన్ మడ్డిని శుద్ధి చేసి గిన్నెలు పోశాడు. పెయింటు డబ్బా మూతను చూసి గాలి చొరని మూత తయారు చేశాడు. అయినా 1940ల చివర్లో అమెరికా షాపుల్లో ఆ సరుకు కదల్లేదు. మూత ఎలా బిగించాలో కొనేవాళ్లకు తెలియదు, చెప్పే దిక్కూ లేదు.

చెప్పింది బ్రౌనీ వైజ్. పుట్టింది జార్జియాలో. మిషిగన్‌లో సెక్రటరీ ఉద్యోగం చేస్తూ, విడాకులయ్యాక కొడుకును ఒంటిచేత్తో పెంచుకొచ్చింది. ఎవరింటి హాల్లోనో ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూర్చోబెట్టేది. నిండు గిన్నె మీద మూత నొక్కి, అంచు కాస్త ఎత్తి, గాలి ఉస్సుమని పోయాక మళ్లీ మూసి, గిన్నెను అమాంతం గది అవతలికి విసిరేది. చుక్క కారేది కాదు. తర్వాతి కాలంలో మన అపార్టుమెంట్లకు వచ్చిన టప్పర్‌వేర్ పార్టీలకూ మూలం ఈ తంతే.

1951లో టప్పర్ ఆమెను ఉపాధ్యక్షురాలిని చేశాడు. షాపుల్లోంచి సరుకంతా తీసేసి ఆమె పార్టీలకే అప్పగించాడు. ఫ్లోరిడాలోని కిసిమీ ఆమెకు రాజధాని అయింది. 1954లో అమ్మకందార్ల కోసం జరిపిన జూబిలీ సంబరాల్లో బహుమతులు నేలలో పాతించి, వాళ్ల చేతికి పారలిచ్చి తవ్వుకోమంది. బొమ్మ కారు దొరికితే అసలు కారే ఇచ్చింది! ఇల్లు దాటి సంపాదన ఎరగని ఇల్లాళ్లకు అది జాతరే. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆమె బిజినెస్ వీక్ ముఖచిత్రమైంది. ఆ పత్రిక అట్ట మీదికి ఎక్కిన మొదటి మహిళ ఆమే.

దిష్టి తగిలిందనుకోవాలి. తనకు మాత్రం డబ్బాలతో ఉన్న ఫొటోలే ఎక్కువ నచ్చుతాయని టప్పర్ ఆమెకు రాశాడు. వినేవాళ్లకు అది సరదా మాట. నాకు అందులో అసూయ వినిపిస్తుంది. 1957లో ఆమె తన దీవిలో ఇచ్చిన విందు మీద తుపానుగాలి విరుచుకుపడింది. పడవలు గుద్దుకుని అతిథులు గాయపడ్డారు, దావాలు పడ్డాయి. సాకు కోసం చూసేవాడికి అంతకన్నా ఏం కావాలి?

1958 జనవరిలో పొమ్మన్నాడు. ఆమె పేరున ఒక్క వాటా లేదు. కాపురమున్న ఇల్లు కూడా కంపెనీదే. కోర్టుకెక్కితే చివరికి చేతికొచ్చింది దాదాపు ఒక ఏడాది జీతం, సుమారు 30,000 డాలర్లు. అదే ఏడాది టప్పర్ కంపెనీని రెక్సాల్ అనే మరో సంస్థకు 1.6 కోట్ల డాలర్లకు అమ్ముకున్నాడు. అంతకుముందు ఏడాదే వెలువడిన ఆమె పుస్తకం ప్రతులు మిగిలితే, గొయ్యి తవ్వి పూడ్చేశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కంపెనీ చెప్పుకునే చరిత్రలో ఆమె ఊసే రాలేదు.

సిండ్రెల్లా పేరుతో సౌందర్య సాధనాల కంపెనీ పెట్టి అదే పార్టీల పద్ధతి మళ్లీ ప్రయత్నించింది. నిలదొక్కుకోలేదు. 1992లో కిసిమీలోనే కన్నుమూసింది.