ఆధార్ ధ్రువీకరణ: సమాచార పరిమితి

ఆధార్ ధ్రువీకరణలో పనికి అవసరమైనంత మేరకే పౌరుడి వివరాలు ఇవ్వడాన్ని సమాచార పరిమితి అంటారు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తేల్చాక దీనికి బలం పెరిగింది. వేలిముద్ర, కంటిపాప వివరాలను ధ్రువీకరణ కోరిన సంస్థకు పంపకూడదని 2016 నాటి ఆధార్ చట్టమే చెబుతోంది. సరిపోలిందో లేదో తెలిస్తే చాలు. 2018లో వర్చువల్ ఐడీ వచ్చింది. 12 అంకెల ఆధార్ సంఖ్యకు బదులు ఇచ్చే ఈ 16 అంకెల సంఖ్యను కావాలన్నప్పుడు మార్చుకోవచ్చు. మాస్క్‌డ్ ఆధార్‌లో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. అయినా కౌంటర్ల దగ్గర పూర్తి కార్డు జిరాక్స్ అడిగే అలవాటు పోలేదు. గుర్తింపు తేలితే చాలిన చోట పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తండ్రి పేరు కూడా ఆ కాగితంతో ఫైల్లోకి చేరతాయి. అది అక్కడ ఎన్నేళ్లు ఉంటుందో ఇచ్చినవారికి తెలియదు.

పూర్తి సంఖ్య లేకపోతే ఒకే మనిషి రెండుసార్లు లబ్ధి పొందుతాడన్న అభ్యంతరం ఉంది. భయం సబబే, కానీ దానికి ఆధార్ సంఖ్యకు బదులు సంస్థకు అందే యూఐడీ టోకెన్ సరిపోతుంది. ఒక సంస్థలో ఒక మనిషికి ఎప్పుడూ అదే టోకెన్ వస్తుంది కాబట్టి నకిలీ దరఖాస్తు పట్టుబడుతుంది. మరో సంస్థలో టోకెన్ వేరు కాబట్టి రెండు జాబితాలను కలపడం కష్టం. కొన్ని సంస్థలకు మాత్రం పూర్తి సంఖ్య పొందే వీలు ఉంచారు. ఈ ఏర్పాటులో అసలు లోటు అదే.