కెరటముపై తొలి పాఠము

తీరమున నిలిచి చూచువారికి కెరటము కన్నులపండువ. దానిపై నిలువదలచినవారికి అది గురువు. పసిఫిక్ మహాసముద్ర మధ్యముననున్న హవాయీ ద్వీపవాసులు ఈ గురువును శతాబ్దములపాటు సేవించిరి. చెక్కపలకపై కెరటముతోపాటు జారివచ్చు విద్యకు వారి భాషలో ‘హెఎ నలు’ అని పేరు. ‘నలు’ అనగా కెరటము. ‘హెఎ’ అనగా జారుట.

రాజులు, రాణులు, సామాన్యులు, బాలబాలికలు అందరును ఈ విహారము చేసెడివారు. ప్రభువులకు ‘ఓలో’ అను మిక్కిలి పొడవైన పలక ఉండెడిది; సామాన్యులు ‘అలయ’ అను పలుచని పలక వాడెడివారు. 1779లో కెప్టెన్ కుక్ నౌకలలో వచ్చిన జేమ్స్ కింగ్ అను అధికారి కియలకెకువా అఖాతమున ఈ క్రీడను చూచి విపులముగా వర్ణించెను. పలకను విడిచి నీట మునిగి తప్పించుకొనవలసివచ్చుట అచటివారికి తలవంపుగా నుండెనని ఆయన గమనించెను.

తరువాతి శతాబ్దమున ఆ ద్వీపములకు కష్టకాలము వచ్చెను. విదేశీయులతో వచ్చిన వ్యాధులకు జనులు వేలకువేలుగా బలియైరి. 1820లో అడుగిడిన అమెరికన్ మతప్రచారకులలో పలువురు ఈ విహారమును మెచ్చలేదు. 1896 జనగణన నాటికి హవాయీ సంతతివారు సుమారు 40,000 మంది మాత్రమే మిగిలిరి. నేర్పువారు తగ్గిరి, నేర్చుకొనువారును తగ్గిరి. ఇది తాళపత్రములలో దాచుకొనదగిన విద్య కాదు. పెద్దలు చూపగా పిల్లలు పట్టుకొనవలసినది.

ఆ విద్యను నిలిపినవారు వైకికీ తీరపు యువకులు. 1907లో అచట నేర్వబూనిన అమెరికన్ రచయిత జాక్ లండన్ ఎండకు ఒడలు కమిలి మంచమెక్కెను. అయినను మంచముననుండియే ఆ విద్యను ప్రశంసించుచు వ్యాసము వ్రాసెను. 1911లో హవాయీ యువకులు ‘హుయి నలు’ అను కెరటముల సంఘమును స్థాపించిరి. వారిలో డ్యూక్ కహనమోకు 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో 100 మీటర్ల ఈత పందెమున స్వర్ణపతకము గెలుచుకొనెను. ఆయన 1914-15 ఆస్ట్రేలియా వేసవిలో సిడ్నీ సమీపమున పైను కలపతో పలక సిద్ధపరచుకొని, ఇసబెల్ లెథామ్ అను బాలికను దానిపై నిలిపి, కెరటముతో తీరమునకు తెచ్చెను.

నేడు నేర్వదలచినవారికిని తొలి పాఠము ఓర్పే. రాగానే నీట దుముకరాదు. కెరటము ఎచట లేచుచున్నదో, ఎచట విరుగుచున్నదో కొంతసేపు గట్టుననుండి చూడవలెను. ఇసుకనేల గల చోట, నడుములోతు నీట, విరిగి నురుగై వచ్చు చిన్న కెరటములు చాలును. పొడవు, వెడల్పు గల పలకకు నిలకడ ఎక్కువ. మొదట బోరగిలపడి జారుట అలవాటు కావలెను, నిలుచుట పిమ్మట. నిలిచినపుడు మోకాళ్ళు వంచి, పాదములను గాక తీరమును చూడవలెను. పడునపుడు తలక్రిందులుగా దూకరాదు; చేతులతో తలను కాచుకొనవలెను. అంతకుముందే కెరటమునెక్కినవారికి అడ్డుపోరాదు. ఈత రానివారును, తోడు లేనివారును దిగనేరాదు.

2021లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో ఈ విద్యకు మొదటిసారిగా స్థానము లభించెను. స్త్రీలలో తొలి స్వర్ణపతకము హవాయీ సంతతికి చెందిన కరిస్సా మూర్‌కు దక్కెను. ఒకనాడు అంతరించునేమో అనిపించిన విద్య ఆ ద్వీపపు బిడ్డ చేతనే లోకమున గౌరవమందెను. పడినవారు మరల పలకనెక్కుచున్నంతకాలము ఏ విద్యయు నశింపదు.