బిట్ పేపరు నుంచి ఎంసెట్ దాకా

ప్రశ్నపత్రం ఎలా ఉంటే మన సైన్సు చదువు అలా నడిచింది. మన బడిలో 1980లలో చదివినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

పదో తరగతిలో 'భేదాలు రాయండి', 'పటం గీసి భాగాలు గుర్తించండి' అన్నవే మాకు దారి చూపేవి. గుండె పటం కళ్లు మూసుకుని గీయగలిగేవాళ్లం. రక్తం ఏ గది నుంచి ఎటు పోతుందని మాస్టారు అడిగితే మాత్రం నేల చూపులే. చివరి అరగంటలో బిట్ పేపరు ఇచ్చేవారు. అప్పుడు హాల్లో వినిపించే దగ్గులన్నీ జలుబు వల్ల వచ్చినవి కావని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది!

ఇంటర్‌లో, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వేసిన పుస్తకాలు మాబోటి తెలుగు మీడియం పిల్లలకు పెద్ద అండ. త్వరణం, జడత్వం, కిరణజన్య సంయోగక్రియ అన్న మాటలు మాకు సొంతమయ్యాయి. చదువు మాత్రం మారలేదు. సమీకరణాలు రాబట్టడం కూడా పద్యంలా బట్టీ పట్టాం.

ఎంసెట్ వచ్చి ఆ అలవాటును కుదిపేసింది. 1987లో మొదటిసారి రాశాను. వరుస తప్పకుండా చేసుకుంటూ పోయి, ఒక భౌతికశాస్త్రం లెక్క దగ్గర పావుగంట పోగొట్టుకున్నాను. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరని తెలిసినా, తెలియనిదానికి గుర్తు పెట్టడం దొంగతనమనిపించి వదిలేశాను. సీటు రాలేదు. నాన్న ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ ఏడాదంతా మిత్రుడి ఇంటి అరుగు మీద, గడియారం ఎదురుగా పెట్టుకుని పాత పేపర్లు చేశాం. తెలిసినవి ముందు, మొండివి తర్వాత. పుస్తకం మూసి రాయడం, తప్పు వచ్చిన ప్రతి లెక్కనూ వేరే నోటు పుస్తకంలో ఎక్కించి, ఎందుకు తప్పిందో పక్కనే రాసుకోవడం. వాలుతలం లెక్కల్లో సైన్ బదులు కొసైన్ వేయడం అందులో నాలుగు చోట్ల ఉంది. రెండోసారి సీటు వచ్చింది.

తర్వాత కోచింగులు పెరిగాయి. 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, అంటే ప్రశ్నకు 67.5 సెకన్లు. తెలంగాణలో 2018 నుంచి కంప్యూటర్ మీద రాస్తున్నారు. ఆ ఏడాదే మా అమ్మాయి రాసింది. పరీక్షకు ముందు అటకమీద నుంచి నా తప్పుల పుస్తకం దించి చూసి, పడీపడీ నవ్వి, తన రఫ్ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. వాలుతలం, సైన్ బదులు కొసైన్.